చిక్కాతో వచ్చిన చిక్కు

పెళ్లాం దగ్గర అబద్ధమాడకూడదన్నది నజ్జరేనో నియమం. నిజాన్నే కాస్త పక్కకు తిప్పి చెబితే దోషం లేదన్నది ఉపనియమం.

బెర్గమోలో చెప్పులు బాగుచేసే దుకాణం అతనిది. పుట్టింది మాత్రం రోములో. ముప్ఫై ఏళ్ల కిందట పియెరాంజెలాని చేసుకుని ఈ చలి ఊరికి ఇల్లరికం వచ్చాడు. వీధిలో అందరూ అతన్ని పొగబండి అనేవారు. మార్చిలో ఆ బండి దుకాణం మెట్ల మీద ఊపిరాడక ఆగిపోయింది.

"ఇంకొక్క సిగరెట్టు తాగావంటే నా దగ్గరికి రాకు, నేరుగా పాదిరీ గారి దగ్గరికి వెళ్లు" అన్నాడు డాక్టరు.

పియెరాంజెలా ఏడవలేదు. "మళ్లీ ముట్టించిన రోజున లెక్కోలో అక్క దగ్గరికి వెళ్లిపోతా. నిన్ను మోసుకెళ్తుంటే చూసే ఓపిక నాకు లేదు" అంది. ఆవిడ అన్నదంటే చేసి తీరుతుంది.

నజ్జరేనో నాలుగు రోజులు విలవిల్లాడాడు. అయిదో రోజున ఒక మాట అతన్ని ఆదుకుంది. చిక్కా!

బెర్గమోలో బడిపిల్లల దగ్గర్నుంచి మేయరు దాకా చూయింగ్ గమ్‌ని చిక్కా అంటారు. రోములో చిక్కా అంటే సిగరెట్టు పీక, చనువుగా సిగరెట్టు కూడా.

"పియెరా, బాల్కనీలో ఓ చిక్కా వేసుకొస్తా."

"ఒకటేం ఖర్మ, రెండు వేసుకో!" అని ఆవిడ మురిసిపోయింది.

భార్య మాట జవదాటని మనిషి కనుక రెండే వేసుకున్నాడు.

అసలు గమ్మంటే అతనికి పరమ అసహ్యం. పొద్దస్తమానం జనం చెప్పుల అడుగున అంటుకున్నదాన్ని కత్తితో గీకేవాడు దాన్ని నోట్లో ఎలా పెట్టుకుంటాడు? పియెరాంజెలా ప్రేమగా కొనుక్కొచ్చిన పాకెట్లన్నీ అలమరలో అలాగే పడి ఉండేవి.

అక్టోబరులో ఒక ఆదివారం ఆవిడ చప్పుడు చేయకుండా బాల్కనీలోకి వచ్చింది. "నాకూ ఒకటివ్వవా?"

నజ్జరేనో చేతిలో ఉన్నదాన్ని జెరేనియం పూలకుండీలో గుచ్చేశాడు.

"ఆ కుండీలోంచి పొగ వస్తోందేం?"

"ఎండకి మట్టి ఆవిరి కక్కుతోంది."

"ఎండెక్కడుంది? పొద్దున్నించీ ముసురేగా."

"అయితే... మంచేమో."

"పాపం, కాసిని నీళ్లు పొయ్యి" అని లోపలికి వెళ్లిపోయింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అదే అతన్ని భయపెట్టింది.

సోమవారం బీరువా మీదున్న పెద్ద పెట్టె కిందికి దిగింది. మంగళవారం దాని దుమ్ము వదిలింది. బుధవారానికి అది తలుపు పక్కకు చేరింది. అదెందుకని అడిగే ధైర్యం లేక అతను పోలెంటా సంకటి గుటుక్కున మింగి దుకాణానికి పారిపోయాడు. ఆవిడ లేని ఇల్లు ఊహించుకుంటుంటే సుత్తి వేలి మీద పడింది.

గురువారం సాయంత్రం పియెరాంజెలా కుర్చీ లాగింది. "కూర్చో. నీ చిక్కాలు మరీ శ్రుతి మించుతున్నాయి. మానేస్తానని ఒట్టెయ్యి."

నజ్జరేనోకి ప్రాణం లేచొచ్చింది. అమాయకురాలు, గమ్ము గురించా ఇంత రాద్ధాంతం! "అంతేనా?"

"అంతే. ఒట్టేస్తే పెట్టె పైకెక్కుతుంది."

"నీ మీద ఒట్టు!"

"నా మీద కాదు. మీ అమ్మతో చెప్పు." అప్పటికే ఆవిడ నంబరు కలిపి స్పీకరులో పెట్టిన ఫోను బల్ల మీద మోగుతోంది. అవతల రోము నుంచి ఎనభై ఆరేళ్ల తల్లి ఆర్జియా, "ఎవర్రా?" అని అరిచింది. ఆవిడకు చెవుడు.

ఇంత చవగ్గా బయటపడుతున్న సంతోషంలో నజ్జరేనో కూడా గొంతు చించుకున్నాడు. "అమ్మా! ఇక జన్మలో చిక్కా ముట్టను! నీ మీద ఒట్టు!"

అవతల వెక్కి వెక్కి ఏడ్చిన చప్పుడు.

"నా తండ్రే! మీ నాన్నను మింగిన ఆ దరిద్రాన్ని వదిలేశావా!"

నజ్జరేనోకి అప్పుడు తట్టింది. ఒట్టు వేసింది రోములో పుట్టి, రోములోనే పెరిగిన మనిషితో. "అమ్మా, అంటే, నా ఉద్దేశం..."

"మానేశానని నీ నోటితో చెప్పేదాకా కాఫీ ముట్టనని మడోన్నా మాతకి మొక్కుకున్నానురా. మార్చి నుంచి చుక్క తాగలేదు. ఉండు, ఫోను పెట్టకు."

రోజుకు అయిదు కప్పులు తాగే మనిషి! ఏడు నెలలు! అవతల నీళ్లు పట్టిన చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించాయి. ఎంతోసేపటికి కాఫీ పొంగింది. ముసలామె ఒక గుక్క తాగి, "అబ్బ, నాన్నా!" అంది. నజ్జరేనోకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కప్పు ఇక ఆవిడ చేతిలోంచి లాక్కోలేడు.

ఫోను పెట్టేశాక భార్య వైపు చూశాడు. "నీకు తెలుసన్నమాట."

"కుండీలో పీకలు మొలుస్తుంటే తెలియదా? రోము వాడితో ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను."

నజ్జరేనో పెట్టె ఎత్తి బీరువా మీద పెట్టాడు. గంట గడిచేసరికి నాలుక పీకడం మొదలెట్టింది. సిగ్గు విడిచి చెయ్యి చాపాడు. "పోనీ, ఆ అలమరలో పాకెట్లున్నాయిగా. ఒక గమ్మివ్వు."

"ఏంటి, చిక్కానా?" అంది పియెరాంజెలా. "నా ఎదురుగా కూడా ఒట్టేశావు. నేను విన్నది బెర్గమో మాటలో."

నజ్జరేనో నోరు మూసుకున్నాడు. ఇక దానికి పనేమీ మిగల్లేదు.