నాయకుడు ఈక్వల్‌టు పట్టాభి

ఎల్‌బీ నగర్‌ను దేశానికే లినక్స్ రాజధానిగా తీర్చిదిద్దుతున్నామని పార్టీ డివిజన్ అధ్యక్షులు లింగస్వామి మెట్రో స్టేషన్ కింద నిలబడి ప్రకటించారు. లినక్స్ అంటే ఏమిటని ఒక విలేకరి అడిగాడు.

"గరీబోళ్లకు గూడ ఫ్రీగ దొరికే సాఫ్ట్‌వేరు," అన్నారు లింగస్వామి.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

లింగస్వామిది పెద్ద మనసు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, అల్మాస్‌గూడలో ప్లాట్లు అమ్ముకుంటూ, మిగిలిన జీవితమంతా పార్టీకి ధారపోశారు. ఫ్లెక్సీ కట్టమంటే కట్టారు, అవతలివాళ్లది చించమంటే చించారు. ఈసారి కార్పొరేటర్ టికెట్ ఆయనదేనని మంత్రి పట్టాభిగారు భుజం మీద చెయ్యేసి మరీ చెప్పారు. కాకపోతే, "కాస్త యూత్‌లోకి వెళ్లవయ్యా" అని సలహా ఇచ్చారు. అందుకే మన్సూరాబాద్ కమ్యూనిటీ హాల్లో ఉచిత లినక్స్ శిక్షణ కేంద్రం. ప్రారంభోత్సవం నాడు లింగస్వామి స్వహస్తాలతో, మంత్రిగారి ఎదుట, ఒక కమాండ్ కొట్టి చూపిస్తారు.

దానికి గురువు కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కరువా? ఒక మెట్లదారిలో పైకెక్కితే లినక్స్ చెప్పే స్పందన దొరికింది.

"ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుడు నేర్పిస్త సార్. అల్కగుంటది," అంది.

"ఎన్విరాన్‌మెంటా? మొక్కలు పోయినేడే నాటినం గదమ్మా."

"ఆ ఎన్విరాన్‌మెంట్ గాదు సార్. షెల్ అంటే మనం కమాండ్లు కొట్టే కిటికీ. అండ్ల ఒక పేరు పెట్టి, ఆ పేరుకు ఒక విలువ ఇస్తం. ఎప్పుడడిగినా అదే చెప్తది."

"ఏ విలువన్న ఇయ్యొచ్చా?"

"ఏదన్న ఇయ్యొచ్చు. నిజమా కాదా అని షెల్ చూడది."

లింగస్వామి కళ్లు మెరిశాయి. రాజకీయాలకు ఇంత దగ్గరగా ఉన్న చదువు ఒకటుందని ఆయనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

వారమంతా సాధన చేశారు. పేరు నాయకుడు, విలువ పట్టాభి. అన్నం తింటూ కూడా వేళ్లతో కంచం మీద కొట్టుకుంటుంటే భార్య అరుణజ్యోతి, "పెండ్లయి ఇన్నేండ్లాయె, నా పేరు గిట్ల ఒక్కనాడన్న రాసినవా?" అంది. టికెట్ వచ్చాక రాస్తానని ఆయన మాటిచ్చారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కిరాయి కంప్యూటర్లకు పూలదండలు వేశారు. మంత్రిగారు జ్యోతి వెలిగించి, పెద్ద తెర ముందు కూర్చున్నారు. లింగస్వామి కీబోర్డుకు దండం పెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. ఎంటర్ నొక్కగానే తెర మీద, "నాయకుడు: కమాండ్ నాట్ ఫౌండ్" అని పడింది.

విలేకరులు ఆత్రంగా ఫొటోలు తీసుకున్నారు.

"ఏంటయ్యా ఇది? నాయకుడు లేడంటోంది!" అన్నారు మంత్రిగారు.

స్పందన పరుగున వచ్చింది. "ఈక్వల్‌టుకు అటిటు ఖాళీ ఇచ్చిండ్రు సార్. ఖాళీ ఉండొద్దు."

"నాయకుడికీ నాకూ మధ్య ఖాళీ ఎందుకు పెట్టావయ్యా?" మంత్రిగారి గొంతులో బాధ వినిపించింది.

లింగస్వామి చెమట తుడుచుకుని ఖాళీలు తీసేశారు. ఈసారి నాయకుడెవరని అడిగితే తెర మీద పట్టాభి అని వచ్చింది. చప్పట్లు మోగాయి.

"ఇప్పుడు ఈ షెల్‌కెల్లి ఇంకో షెల్ పుట్టిస్తం. దాన్ని చైల్డ్ అంటరు," అంది స్పందన. లింగస్వామి పుట్టించారు. దాన్ని కూడా నాయకుడెవరని అడిగారు. ఖాళీ వరస వచ్చింది.

మంత్రిగారు ముందుకు వంగారు. "పిల్లల దగ్గర నా పేరేదీ?"

"ఎక్స్‌పోర్ట్ చేస్తేనే పిల్లలకు పోతది సార్."

లింగస్వామి మళ్లీ పెద్ద షెల్‌లోకి వచ్చి ఎక్స్‌పోర్ట్ చేసి, మళ్లీ చైల్డ్‌ను పుట్టించారు. ఈసారి అది పుట్టగానే పట్టాభి అంది.

"మనవలకి?"

"మనుమలకు గూడ పోతది సార్. ఇగ పిల్లలు లోపల ఏం మార్చుకున్నా పెద్దలకు అంటదు."

మంత్రిగారు చాలాసేపు తెరనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత లింగస్వామిని కౌగలించుకున్నారు. "ఇన్నేళ్లలో నాకు పనికొచ్చే కార్యక్రమం ఇదొక్కటే పెట్టావయ్యా," అన్నారు. ముందు వరసలో అరుణజ్యోతి కళ్లు తుడుచుకుంది. టికెట్ చేతికొచ్చినట్టే అనుకున్నారు అందరూ.

సాయంత్రానికి కంప్యూటర్లు, కుర్చీలు ఒకే ట్రాలీ ఆటోలో వెళ్లిపోయాయి. శిక్షణ కేంద్రానికి తాళం పడింది. విద్యార్థులు మాత్రం ప్రారంభోత్సవంలో చూసింది బాగానే ఉందన్నారు.

కొద్దిరోజులకు మంత్రిగారు ఫోన్ చేశారు. "లింగస్వామీ, నువ్వు చూపించిందే మనసులో తిరుగుతోందయ్యా. మా అబ్బాయి చిన్నబాబుని కార్పొరేటర్‌గా నిలబెడుతున్నా. గెలిపించే బాధ్యత నీదే. ఇన్‌ఛార్జివి!"

చిన్నబాబుకు మన్సూరాబాద్ కొత్తేమీ కాదు. విజయవాడ వెళ్లేటప్పుడల్లా కారులో ఆ పక్క నుంచే నిద్రపోతూ వెళ్తాడు.

లింగస్వామి ఆ రోజు ఇంటికి పోలేదు. తిన్నగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, మెట్లెక్కి, స్పందన ముందు కూర్చున్నారు.

"పెట్టిన పేరును తీసేసుడెట్లమ్మా?"

"అన్‌సెట్ అని కొట్టాలె సార్."

"కొడితే చైల్డ్ దగ్గర గూడ పోతదా?"

"పోదు సార్. చైల్డ్ పుట్టంగనే తన కాపీ తను తీసుకుంటది. పెద్ద షెల్‌ల తీసేసినా, చైల్డ్ దగ్గర అట్లనే ఉంటది."

ఆమె తెప్పించిన చాయ్ చల్లారిపోయింది. కిటికీలోంచి కింద కట్టి ఉన్న ఫ్లెక్సీలు కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు ఆయన నిచ్చెనెక్కి కట్టినవే. కాసేపటికి లేచి, "మంచిగ చెప్పినవు బిడ్డా," అని వెళ్లిపోయారు.

లింగస్వామి అలిగారని, అవతలి పార్టీలోకి పోతారని పత్రికల్లో వచ్చింది. అవన్నీ గిట్టనివాళ్ల ప్రచారమని వారం తిరక్కుండానే రుజువైంది. చిన్నబాబు నామినేషన్ సభకు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీలన్నీ లింగస్వామే కట్టించారు. మైకు పట్టుకుని, "బాబుగారు పుట్టు నాయకుడు! పార్టీకి రక్తం ముఖ్యం!" అని ఆయన గర్జిస్తుంటే జనం ఈలలు వేశారు. మంత్రిగారు పొంగిపోయారు.

దిగే ముందు లింగస్వామి, నాలుగో తరగతి చదువుతున్న తన కూతుర్ని వేదిక మీదికి పిలిచారు. ఆ పిల్ల మెడలో పార్టీ కండువా నేల దాకా వేలాడుతోంది. ఆమెను తెచ్చి మంత్రిగారికీ చిన్నబాబుకూ మధ్య నిలబెట్టి, కింద ఉన్న ఫొటోగ్రాఫర్‌కు సైగ చేశారు.

"అన్నా, గిట్లయితే మంత్రిగారు సగమే పడుతున్నరు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"పడనియ్యి," అన్నారు లింగస్వామి, కూతురి కండువా సర్దుతూ. "పాప మొఖం జర మంచిగ రావాలె."