ముసలితనం మగవాళ్ల జబ్బు

ఆడదానికి రిటైర్మెంట్ లేకపోవడం వరం! కాదనేవాళ్లు నా ముందుకొచ్చి మాట్లాడండి.

మగవాడికి అరవై నిండగానే ఏం చేస్తారు? చేతిలో గోడ గడియారం పెట్టి ఇంటికి పంపేస్తారు. పాపం, మర్నాటి నుంచీ ఒకే పేపరు రెండుసార్లు చదవాలి. మా బావ మాజీ పోస్ట్‌మాస్టర్. కుర్చీలో కూర్చుని కూర్చుని తుప్పు పట్టిపోయాడు. మా అక్కకా బాధ లేదు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా స్టవ్ ముందు నిలబడే ఉంది. పైగా ప్రమోషన్! పూటకో టీ కాస్తా గంటకో టీ అయింది. సూపర్‌వైజర్ రోజంతా ఇంట్లోనే. ఏ ఆఫీసులో దొరుకుతుందండీ ఇంత అదృష్టం? నన్నడిగితే ముసలితనం మగవాళ్ల జబ్బు. ఆడవాళ్లకు సోకదు.

కాకపోతే ఆ అదృష్టానికి అక్క మోకాళ్లు అరిగాయి.

ఆపరేషన్ అన్నాడు డాక్టరు. మొదటిసారి బావ కంటి ఆపరేషన్ అడ్డొచ్చి వాయిదా. రెండోసారి "నా మాత్రలెవరు చూస్తారే?" అని బావ అన్నందుకు వాయిదా. ఊరందరి ఉత్తరాలూ సార్టింగ్ చేసిన మనిషికి ఆరు మాత్రలు అంతుపట్టవు! ఇంకోసారి వాయిదా వేస్తే ఇక నడక ఉండదన్నాడు డాక్టరు. అప్పుడు నేనే అక్క చెయ్యి పట్టి లాక్కెళ్లి ఆస్పత్రిలో చేర్పించాను. తోడుగా బావ.

మందులు కొనుక్కొచ్చేసరికి ఏం చూశాను? పేషెంటు మంచం మీద బావ, దుప్పటి కప్పుకుని గురక! పక్కన స్టూలు మీద అక్క, ఆయన మాత్రల డబ్బా సర్దుతూ.

నర్సమ్మ వచ్చి బావ చేతికే బీపీ పట్టీ చుట్టింది. బావ కళ్లు తెరవకుండానే "టీ అయిందా?" అన్నాడు.

"మోకాలి ఆపరేషన్ ముందు టీ తాగకూడదు తాతగారూ."

"ఆపరేషనా! నాకా!"

అక్క మాత్రల మీద నుంచి తలెత్తలేదు. "ఎలాగూ పడుకున్నారు కదండీ, కానిచ్చేయండి."

బావ ఒక్క గెంతున మంచం దిగాడు. తుప్పు పట్టిన మనిషికి అంత హుషారుందని అప్పుడే తెలిసింది!

అక్క ఆపరేషన్ బాగానే జరిగింది. ఆరు వారాలు వంటింటి గడప తొక్కొద్దన్నాడు డాక్టరు.

"మరి నా సంగతేంటి మరదలా?" అన్నాడు బావ దీనంగా.

"దిగులెందుకు బావా! అక్క వరం ఈ ఆరు వారాలూ మీదే."

వంటింట్లోకి తీసుకెళ్లి టీపొడి డబ్బా చూపించాను. నలభై మూడేళ్లుగా అది అక్కడే ఉంది. స్టవ్ పక్కనే.