ఛైర్మన్ గారి మెడలో దండ

రాష్ట్ర బాల పఠన వికాస సంస్థ ఛైర్మన్ కేశవయ్య గారు కర్నూల్లో ప్రెస్‌మీట్ పెట్టి భీష్మ ప్రతిజ్ఞ చేశారు. సర్కారు బడిలో రెండో తరగతి బిడ్డ తప్పు లేకుండా చదివి వినిపించేదాకా తన మెడలో దండ వేయించుకోరట! గడువు వంద రోజులు. విలేకరులు రాసుకోవడం ఆపి మరీ ఆయన మెడవంక చూశారు. పదవి వదులుకున్న నాయకులు అక్కడక్కడా ఉంటారేమో గానీ, దండ వదులుకున్నవాడు ఈ సీమలో పుట్టలేదు.

ఈ త్యాగానికి మొదట దెబ్బ తిన్నది పూలంగళ్లు. తర్వాత వాసుదేవ్.

వాసుదేవ్‌కు మండల కేంద్రంలో ఫ్లెక్సీల అంగడి ఉంది. పదిహేనేళ్లుగా కేశవయ్య గారికి కుడిభుజం. అన్నగారు కుండ గుర్తు పార్టీ నుంచి చేట గుర్తు పార్టీలోకి దూకినప్పుడు వెంటే దూకాడు. కంప్యూటర్లో అన్న ఫోటో అట్లాగే ఉంచి, వెనక రంగు మార్చడం అతనికి ఐదు నిమిషాల పని. ఇన్నేళ్ల సేవకు అతను కోరేది ఒక్కటే, మండల కన్వీనర్ పదవి. అన్న కూడా మాట ఇచ్చేశారు.

"ఎవరి మండలంలో నా మెడలో మళ్లీ దండ పడుతుందో, వాళ్లదే పదవి."

వాసుదేవ్ మర్నాడే చింతమానుదొడ్డి బడికి జీపులో పోయాడు. బొమ్మల కథల పుస్తకాలు నలభై, ఒక ట్రంకుపెట్టెలో జూన్ నెలలోనే ఆ బడికి చేరాయి. పెట్టెకు లక్క సీలు. దానిమీద "ఛైర్మన్ గారి చేతుల మీదుగా తెరవవలెను" అని చీటీ. పెట్టెమీద కుండీ పెట్టి తులసి పెంచుతోంది టీచరు నాగలత.

"పుస్తకాలియ్యండి వాసుదేవ్ గారూ, చదవడం నేర్పిస్తా," అంది.

"చదవడం వస్తేనే అన్న వచ్చేది మేడమ్. అన్న వస్తేనే పెట్టె తెరిచేది."

"పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టుండాదే!"

మాట బాగుందే, ఫ్లెక్సీకి పనికొస్తుందా అని వాసుదేవ్ ఒక క్షణం ఆలోచించాడు.

రెండో తరగతిలో పదకొండు మంది పేర్లున్నాయి. ఎనిమిది మంది అమ్మానాయన్లతో సుగ్గికి, గుంటూరు మిరప చేలల్లోకి కోత కూలికి పోయారు. మిగిలింది ముగ్గురు. తలకు ముప్పై మూడు శాతం, లెక్కకు శానా అనుకూలమైన తరగతి అనుకున్నాడు వాసుదేవ్. ఆ ముగ్గురిలో శిల్ప అనే పిల్ల జీపు దగ్గరికి వచ్చి, వెనక చుట్టిపెట్టిన ఫ్లెక్సీ అంచు విప్పి, వేలు పెట్టి చదివింది.

"డైనమిక్ లీడర్ గారికి హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు."

ఒత్తులు, దీర్ఘాలు, ఒక్కటీ తప్పలేదు. వాసుదేవ్‌కు ఒళ్లు జలదరించింది.

"యాడ నేర్చినావు పాపా?"

"మా ఇంటి పైన సార్."

నాగలత విడమరిచి చెప్పింది. ఈ ఊర్లో సగం గుడిసెలకు పైకప్పు ఫ్లెక్సీలే. పుస్తకాలు సీలులో ఉన్నాయి కదా అని, ఇంటికొక పాత ఫ్లెక్సీ తెమ్మంది. ముందు అక్షరం, తర్వాత మాట, ఆ తర్వాత దాని అర్థం. పైనుంచి కింది దాకా, చిన్న అక్షరాలు కూడా వదలకుండా చదవాలి. అదీ ఆమె పద్ధతి. తరగతి గోడల నిండా వాసుదేవ్ అంగట్లో అచ్చయినవే వేలాడుతున్నాయి.

వాసుదేవ్‌కు నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి. తను ఇన్నాళ్లూ విద్యాదానం చేస్తున్నాడని తనకే తెలియదు! గోడలమీద ఏం రాసి ఉందో మాత్రం చూడలేదు. ఫ్లెక్సీలు వేసేవాడు ఫోటోల సైజు చూస్తాడు గానీ రాత చదవడు. శిల్ప వాళ్లు వచ్చే వారమే సుగ్గికి పోతారని తెలిసి, సభ అంతకు ముందురోజుకు ఖాయం చేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. క్రేన్ కొక్కేనికి ఇరవై అడుగుల బంతిపూల గజమాల. బడి ముందర కొత్త ఫ్లెక్సీ. కేశవయ్య గారు బోసి మెడతో, జేబుకు చేట బ్యాడ్జీతో జీపు దిగారు. తరగతిలోకి వచ్చి, సీలు పగలగొట్టి, పైనున్న పుస్తకం శిల్ప చేతిలో పెట్టారు. కెమెరాలు మెరిశాయి. శిల్ప అట్ట తెరిచింది.

"ఎలుగుబంటికి ఆకలేసింది. అది..."

"ఫోటో అయిపోయిందమ్మా," అని పీఏ పుస్తకం తీసుకుని పెట్టెలో పెట్టేశాడు.

"తర్వాత ఏమాయ సార్?" అని అడిగింది శిల్ప.

"నీకు బాగా వచ్చిండేది చదువు పాపా," అన్నారు ఛైర్మన్.

శిల్ప గోడ దగ్గరికి పోయింది. అన్నింటికన్నా పెద్దది వాళ్లింటిదే. వేలు పెట్టి, నిదానంగా, గొంతెత్తి చదివింది.

"మహా శపథం! ప్రాణం పోయినా చేట గుర్తు పార్టీ గడప తొక్కను. అది దొంగల ముఠా. ఇట్లు, మీ కేశవయ్య."

పిల్ల ఆగలేదు. కింది దాకా చదవాలని కదా టీచరు నేర్పింది!

"ముద్రణ, వాసుదేవ్ ఫ్లెక్సీస్," అని, సెల్ నంబరు పది అంకెలూ చదివింది. వెనక ఒక విలేకరి సరి చూసుకోవడానికి ఆ నంబరు కొట్టాడు. వాసుదేవ్ జేబులో అన్నగారి ఎన్నికల పాట మోగింది.

బయటి నుంచి క్రేన్ డ్రైవరు అయ్యన్న కేక వేశాడు. "ఏమప్పా, పాప చదివినట్టేనా? దండ దించాల్నా?"

అందరూ కేశవయ్య గారిని చూశారు. పాప సరిగ్గా చదివిందంటే దండ పడుతుంది. కానీ సరిగ్గా చదివిందంటే ఆ పాత శపథం తనదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. పదిహేనేళ్లలో అన్న ఆలోచించడం వాసుదేవ్ ఎప్పుడూ చూడలేదు. 'దించమను అన్నా, దించమను' అని లోపల మొక్కుకున్నాడు.

"ఈ పాపకు చదవను రాదు," అన్నారు ఛైర్మన్.

"యాడ తప్పు పోయిందో మీరే చదివి చూపించండి సార్," అంది నాగలత.

"చదివేవాణ్నే తల్లీ. అద్దాలు తేలేదు," అన్నారు ఆయన, ముక్కుమీది అద్దాలు సర్దుకుంటూ.

గడువు మరో వంద రోజులు పొడిగించారు. పీఏ పెట్టెకు కొత్త లక్క పోశాడు. గజమాల ఎట్లా వచ్చిందో అట్లాగే ఊగుతూ తిరిగిపోయింది. జీపెక్కేటప్పుడు అన్న వాసుదేవ్ భుజం తట్టలేదు. కన్వీనర్ పదవి మాటే ఎత్తలేదు.

వాసుదేవ్ బడి అరుగుమీద కూలబడ్డాడు. కాసేపటికి శిల్ప వచ్చి నిలబడింది.

"సార్, రేపు పొద్దున సుగ్గికి పోతాండాం. ఆడ గుడిసె వేసుకోవల్ల. ఈ కొత్తది ఇస్తారా? పాతదంతా చదివేసినా."

వాసుదేవ్‌కు పిల్లమీద కోపం రావాల్సింది. రాలేదు. తనే ఎక్కి తాళ్లు విప్పి ఫ్లెక్సీ ఇచ్చాడు. శిల్ప దాన్ని మడవకుండా నేలమీద పరిచి, మోకాళ్లమీద కూర్చుని, వేలు పెట్టింది.

"ప్రతి బిడ్డ చేతిలో పుస్తకం."

చదివి, తన రెండు చేతులూ చూసుకుంది.

"యాడుండాది సార్?"

వాసుదేవ్ కిటికీలోంచి పెట్టెవైపు చూశాడు. సీలుమీద లక్క ఇంకా ఆరలేదు.

"అది ఊరికే చదువుకోనీకి రాసిండేదిలే పాపా," అన్నాడు.