ఏడు మెట్లు, నలుగురు పుణ్యాత్ములు

ఆ శుక్రవారం ఓయ్దిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా తన చక్రాల కుర్చీలో గ్రంథాలయం మెట్ల కింద ఉండాలి. నగర కార్యాలయం నుంచి అధికారి సోబిరోవ్ వచ్చేసరికి కింద తను, పైన ఉద్యోగం, మధ్యలో ఏడు మెట్లు ఆయనకు కనిపించాలి. ర్యాంపు మంజూరైతే వచ్చే నెల నుంచి ఆమే లైబ్రేరియన్. కాకపోతే ఆ ఉద్యోగం మెట్లెక్కగలిగిన ఇంకెవరికో పోతుంది. పదేళ్లుగా టోపీల మీద పూలు కుడుతూ పుస్తకాల మధ్య కూర్చోవాలని కలగన్న మనిషికి అది చిన్న విషయం కాదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మర్గిలాన్ పట్టణంలోని ఆ పట్టునేత పేటలో మాత్రం అడగకపోయినా పెడతారు, వద్దన్నా పెడతారు. దానికి తోడు పేట పెద్ద తోఖ్తాసిన్ తాత తెల్లవారగానే మైకు పట్టుకున్నాడు. "ఇవాళ గ్రంథాలయంలో వికలాంగుల హక్కుల సభ! మన ఓయ్దిన్‌కు ఏ లోటూ రాకూడదు! పలావు కూడా ఉంది!"

ఆమె వీధిలోకి రాగానే రొట్టెలు కాల్చే పొలాత్ పరుగున వచ్చి కుర్చీ వెనక పట్టుకున్నాడు.

"వదులు పొలాత్, నేనే వెళ్తాను."

"మొహమాటమెందుకక్కా? మేం లేమూ?"

మలుపు తిరిగేలోగా మంగలి, కసాయి, ఒకప్పటి మల్లయోధుడు తోడయ్యారు. మెట్ల దగ్గర నలుగురూ తలో వైపూ పట్టి కుర్చీని ఎత్తేశారు.

"దించండయ్యా! నేను కిందే ఉండాలి! ఆయన చూడాలి!"

"చూస్తాడక్కా, ఎందుకు చూడడూ!" అంటూ పొలాత్ ఇంకో రెండు మెట్లు ఎక్కాడు.

సరిగ్గా అప్పుడే సోబిరోవ్ కారు దిగాడు. పల్లకీలో పెళ్లికూతురిలా పైకి పోతున్న ఓయ్దిన్‌ను చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత మంచి మనుషులుండగా ర్యాంపు దేనికమ్మా?" అని, కాగితం తీసి అక్కడికక్కడే 'అవసరం లేదు' అని రాసేశాడు.

పైన చదువుకునే గదిలో పరుపులు పరిచి పలావు వడ్డించారు. తాత గంటసేపు హక్కుల గురించి మాట్లాడాడు. ఓయ్దిన్ నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ ఎవరో ఒకరు ఆమె పళ్లెంలో మాంసం ముక్క వేశారు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అందరూ తనవాళ్లే, ఎవరి మీదని అరుస్తుంది?

నమాజు పిలుపు వినిపించగానే అందరూ లేచి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని మసీదుకు వెళ్లిపోయారు. పలావు వండింది కూడా మగవాళ్లే కాబట్టి గదిలో ఓయ్దిన్, సోబిరోవ్ మిగిలారు. ఆయనకు ఒంటిగంటకు పక్క ఊరు ఫెర్గానాలో సమావేశం ఉంది, అందుకే మసీదుకు పోలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"నా బూట్లేవీ?"

"పొలాత్ తీసుకెళ్లాడండీ. బురదయ్యాయని తుడిచి, రొట్టెల పొయ్యి పక్కన ఆరబెట్టుంటాడు. మీరంటే అంత గౌరవం."

"నేను అడగలేదే!"

"నేనూ అడగలేదండీ."

సోబిరోవ్ కిటికీలోంచి చూశాడు. చీలమండ లోతు బురదకు అవతల కారుంది. డ్రైవరు కూడా నమాజుకే పోయాడు.

"ఎవర్నయినా పిలవమ్మా!"

"నమాజయ్యాక వస్తారు. దారిలో టీ తాగి వస్తారు. మంచివాళ్లు, తప్పకుండా వస్తారు. నా ఉద్యోగం కూడా రోజూ ఇలాగే సాగుతుందండీ. ఎక్కించేవాళ్లు వస్తే లోపల, దించేవాళ్లు వస్తే ఇంటికి."

అతిథికి నిండా పోస్తే ఇక వెళ్లమన్నట్టని, ఆమె మర్యాదగా గిన్నెలో సగమే టీ పోసి ఇచ్చింది. ఆయన మేజోళ్లతో పరుపు మీద కూర్చుని తాగాడు. రెండోది తాగాడు. ఒంటిగంట దాటింది. మూడో గిన్నె పక్కన పెట్టి, కాగితం తీసి, రాసింది కొట్టేసి 'వెంటనే వేయాలి' అని సంతకం చేశాడు.

ఇంతలో పొలాత్ రొప్పుతూ వచ్చాడు. "అయ్యగారూ, వేడివేడిగా ఉన్నాయి, తొడుక్కోండి!" బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. కాకపోతే ఒక సైజు తగ్గాయి. ఆయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు.

ఏప్రిల్‌లో ర్యాంపు వచ్చింది. ఓయ్దిన్ నలుగుర్నీ పిలిచి చెప్పింది. "చెయ్యి వేసేముందు అడగండి. వద్దంటే ఊరుకోండి." ఆమె కళ్లలో నీళ్లు చూసి నలుగురూ తలొంచుకున్నారు, మాట మనసుకు పట్టించుకున్నారు. ఇప్పుడు రోజూ ర్యాంపు మొదట్లో నిలబడి, ముందు ఆరోగ్యం, తర్వాత ఇంటిల్లిపాది క్షేమం కనుక్కుని, సాయం కావాలా అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. నలుగురికీ విడివిడిగా వద్దని చెప్పి, ఓయ్దిన్ రోజూ పావుగంట ఆలస్యంగా గ్రంథాలయం తెరుస్తోంది.