కోర్టువారి “వెళ్ళి రండి”

విడాకులు ఒక పట్టాన ఇవ్వకపోవడమే మన ప్రభుత్వం పెళ్ళికి చేస్తున్న అసలైన సేవ! నవ్వకండి. ఈ వయసులో వేళాకోళాలాడే ఓపిక నాకు లేదు.

మా వైపు గడప దాటేవాళ్ళు “వెళ్తాను” అనకూడదు. “వెళ్ళొస్తాను” అనాలి. గ్యాస్ సిలిండరు తెచ్చిన అబ్బాయి చేతనైనా సరే, ఆ మాట అనిపించకుండా నేను పంపను. “వెళ్తాను” అని లేచినవాళ్ళు నా ఇంటికి తిరిగొచ్చింది తక్కువ. ఇప్పటి పిల్లలేమో “బై” అంటారు! ఈ మర్యాద ఇంకా పాటిస్తున్నది ఎవరయ్యా అంటే, కోర్టు ఒక్కటే.

మా మనవరాలు దుర్గాశ్రీ, దాని మొగుడు గణేష్‌బాబు ఇద్దరూ ఇష్టపడే విడాకులడిగారు. “ఆర్నెల్లు ఆలోచించుకోండి” అంది చట్టం. మనం కొత్త దంపతుల్ని ఆషాఢంలో ఒక్క నెల ఎడంగా ఉంచి మురిసిపోయాం. సర్కారువారిది ఆర్నెల్ల ఆషాఢం! అది ముగిశాక వెళ్తే జడ్జిగారు సెలవు. తర్వాత లాయర్ల సమ్మె. ఆపైన వేసవి సెలవులు. అవయ్యేసరికి జడ్జిగారికి బదిలీ! వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట, “వెళ్ళి రండి.” పుట్టింటివాళ్ళయినా ఇన్నిసార్లు పిలుస్తారా? పైగా వాయిదాకి మూఢం లేదు, వర్జ్యం లేదు!

కాపురంలో ఉండగా గణేష్‌బాబు భీమవరంలో రొయ్యల చెరువు గట్ల మీదే పడుకునేవాడు. ఇప్పుడో? ప్రతి వాయిదాకీ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వస్తున్నాడు! మొన్న కోర్టు ఎదుట టిఫిన్ బండి దగ్గర నాకు పెసరట్టు ఇప్పించాడు.

“అమ్మమ్మగారూ, మీకు అల్లం పచ్చడి పడదు కదండీ! కొబ్బరి చట్నీ వేయించానండి.”

దుర్గాశ్రీ మూతి తిప్పింది. “విన్నావా అమ్మమ్మా! నేను తిన్నానో లేదో ఏనాడూ అడగని మనిషి!”

“అప్పుడు రొయ్యలకి మేత వెయ్యాలి కదే!” అన్నాడతను.

ఇద్దరూ పకపకా నవ్వారు. చట్టం గెలిచిందా లేదా? నాకు ఆశ పుట్టింది. అతను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే “కలిసిపోకూడదుటే?” అన్నాను.

“విడిపోతున్నాం కనకే ఈ మాత్రం నవ్వొచ్చింది, అమ్మమ్మా” అంది.

దాన్ని చేసుకుంటానని తునిలో మందుల షాపు గంగాధర్ కాచుకుని ఉన్నాడు. మొదట్లో వాయిదా రోజున ఫోన్ చేసి “ఏమన్నారండీ?” అని అడిగేవాడు. ఇప్పుడు “ఎప్పుడు రమ్మన్నారండీ?” అంటున్నాడు. చూశారా, ప్రభుత్వం ఓర్పు ఎలా నేర్పుతుందో!

ఆ గణేష్‌బాబుతో పెళ్ళినాడు మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టించుకుని భోజనాల వేళకల్లా పంపేశారు. “ఆలోచించుకోండి” అనే ముక్క ఆ రోజున ఒక్కళ్ళకీ గుర్తు రాలేదేం?

నిన్న దుర్గాశ్రీకి తల దువ్వుతుంటే పాపిట పక్కన తెల్లవెంట్రుక కనిపించింది. దానికి చెప్పకుండా లోపలికి మడిచి జడ అల్లేశాను.

అయ్యా జడ్జిగారూ! బుద్ధెరిగాక నేనెవరినీ “వెళ్ళు” అనలేదు. ఆ మాటకే నాకు గుండె దడ. అయినా అడుగుతున్నాను. ఈ వాయిదాకి మా పిల్లతో ఒక్క “వెళ్ళమ్మా” అని ఊరుకోండి. ఆ “రా” అనే పని మా గడపలో నిలబడి నేను చూసుకుంటాను.