ముందు సముద్రం, తర్వాతే మోరీ!

ముందు సముద్రం సంగతి తేలాల, ఆ తర్వాతే వీధి మోరీ! నేను చెప్తాండా, కావాలంటే రాసిపెట్టుకోండి. మోరీ లేదని ఏడ్చేవాళ్ళను దేశద్రోహులు అనను గానీ, దూరదృష్టి మాత్రం బొత్తిగా లేనివాళ్ళు.

మొన్న మా పార్లమెంటు మెంబరుగారు ధర్మవరం వచ్చినారు. వచ్చే సెషన్‌లో విదేశీ వ్యవహారాల మీద ఏయే బిల్లులు తేవాలో మమ్మల్ని అడిగి ప్లాను వేసుకుంటారంట. ఎంత గౌరవమప్పా మనకు!

మొదటి బిల్లు: పరాయి దేశాల రాయబారుల పెట్టెలు ఎవరూ తెరిచి చూడకూడదు. హిందూపురం బెల్లం వ్యాపారి బాలప్ప ఎగిరి లేచినాడు. "సామీ, మైసూరు రాష్ట్రం చెక్‌పోస్టు దాటే నా బెల్లం బండిని గూడా ఆ బిల్లులో కలపండి!" మెంబరుగారు శ్రద్ధగా రాసుకున్నారు. ప్రజాస్వామ్యమంటే ఇది కాదా?

రెండో బిల్లు: ఒడ్డు నుంచి ఎన్ని మైళ్ళ దాకా సముద్రం మనది? ఆరా, పన్నెండా? మాలో సముద్రం చూసినోడు ఒక్కడు లేడు, అయినా గంటలో రెండు పార్టీలైనాయి. పన్నెండోళ్ళు ఆరోళ్ళకు బీడీ ముట్టించుకోను నిప్పు గూడా ఇయ్యలేదు.

అప్పుడు లేచింది గంగులమ్మ, నేతగాడు లింగప్ప పెండ్లాం. మగ్గం కింద గుంటలో కాళ్ళు పెట్టుకొని కదా నేసేది! మోరీ లేక వాన నీళ్ళన్నీ ఆ గుంటలోకి దిగినాయి. శుక్రవారం పెనుకొండలో పెండ్లి, పెండ్లికూతురి చీర ఇంకా సగం మగ్గం మీదనే ఉండాది. మోకాటి లోతు నీళ్ళలో మూడు దినాలు నేసి, లింగప్ప జ్వరంతో మంచమెక్కినాడు.

"సముద్రం సరే సామీ, మా గుంటలో నీళ్ళు ఎవురివి? ఒక ఆఫీసోళ్ళు వాన నీళ్ళంటారు, ఇంకో ఆఫీసోళ్ళు రోడ్డు నీళ్ళంటారు. యాడికి పోయి మొత్తుకోవల్ల?"

ఛీ ఛీ, పెద్దల ముందర ఎంత చిన్న మాట! "అది లోకల్ విషయం తల్లీ" అన్నారు మెంబరుగారు, పెన్ను జేబులో పెట్టుకుంటా. నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినా.

ఇంటికి పోతా లింగప్ప వాకిట్లో ఆగినా. గంగులమ్మ చెంబుతో నీళ్ళు తోడి వీధిలో పోస్తాంది. పోసిన నీళ్ళు పోసినట్లే లోపలికొస్తాండాయి. చప్పట్లు కొట్టిన చేతులు యాడ పెట్టుకోవాలో తెలీలేదు, నిజం చెప్తాండా.

నోట్లో పోసుకోను పనికిరాని ఉప్పునీళ్ళను నావి నావని దేశాలన్నీ కొట్లాడుకుంటాండాయే! ఈ గుంటలో నీళ్ళు నావని సంతకం పెట్టే గుమాస్తా ఒక్కడు లేడే!

అందుకే అన్ని దేశాలకూ ఇదే మనవి. ఈ నీళ్ళు మావేనని ఎవరొచ్చినా సరే, బిల్లు లేకుండా, యుద్ధం లేకుండా ఇచ్చేస్తాం. శుక్రవారం లోపల వచ్చి ఎత్తుకొని పోండి, చాలు.