లింకు పేజీలతో సహా

జడ్సన్‌కు మతిమరుపు. కోట అనే ఊళ్ళో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఏ చెరువు ఎవరిదో మరిచిపోయి రెండుసార్లు చీవాట్లు తిన్నాక, ఇంట్లో కంప్యూటర్లో సొంతానికి, వికీపీడియాలాగా, ఒక వికీ పెట్టుకున్నాడు. మనిషికో పేజీ. ఎక్కడ ఎవరి పేరు రాసినా అది నీలిరంగు లింకై వాళ్ళ పేజీకి తీసుకుపోతుంది. తను తప్ప ఎవరు చూస్తారులే అని, మనసులో ఉన్నదంతా మొహమాటం లేకుండా రాసిపారేశాడు.

ఆ శనివారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూటం. పక్కింటి గంగులయ్య మోకాళ్ళు, చర్చిలో పాటలు పాడే ఫ్లోరా బీపీ, తన భార్య రెజీనా నడుంనొప్పి, ఈ మూడింటికీ ప్రార్థించాలని పొద్దున్నే ఒక పేజీ రాసి ప్రింటు కొట్టాడు. 'లింకు పేజీలతో సహా' అన్నచోట టిక్కు ఉంది. మహానుభావుడు చూసుకోలేదు. నాలుగు కాగితాలు వచ్చినా, అక్షరాలు పెద్దవై ఉంటాయిలే అనుకుని, మడిచి, కూటం నడిపే ఆనందకుమారిగారి చేతిలో పెట్టి వచ్చాడు.

సాయంత్రం అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఆనందకుమారిగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మొదటి కాగితం చల్లగా అయిపోయింది. రెండోది తీశారు. కాగితం మీద ఏముంటే అది దేవుడికి అప్పజెప్పడమే ఆవిడ పద్ధతి.

"ప్రభువా, గంగులయ్య డ్రిల్లింగు మిషను తీసకపోయి ఎనిమిది నెలలైనా తెచ్చియ్యలేదు. నీవెరుగుదువు తండ్రీ!"

"ఆమెన్," అన్నారందరూ అలవాటుగా. గంగులయ్య కూడా అన్నాడు. అన్నాకే కళ్ళు తెరిచాడు.

మిగతా మూడు కాగితాలేమిటో జడ్సన్‌కు అప్పుడర్థమైంది. ప్రార్థన మధ్యలో ఆపమనడం ఎట్లా? గట్టిగా దగ్గాడు.

"ఈ బిడ్డ దగ్గును ముట్టి స్వస్థపరచు ప్రభువా! ఫ్లోరా పాడితే శ్రుతి ఎక్కడుందో ఎవరికీ దొరకదు. పక్కన కూర్చోకూడదు. కనికరించు దేవా!"

ఈసారి ఆమెన్‌లో ఒక గొంతు తగ్గింది.

ఇక మిగిలింది రెజీనా పేజీ. ఆరేళ్ళ కాపురం, ఇంట్లో ప్రశాంతత అంతా ఆ ఒక్క కాగితం మీద ఉంది. ఏమైతే అదైందని జడ్సన్ దానికోసం చెయ్యి చాచాడు. ఆనందకుమారిగారు ఆ చేతిని ఆప్యాయంగా పట్టుకుని, వదలకుండా చదివారు.

"రెజీనా చేపల పులుసులో పులుపు ఎక్కువ. ఎట్లుందని అడిగితే బ్రహ్మాండం అనాలి. నిజం చెప్తే కొంప మునుగుతుంది."

కాగితం ఇంకా అయిపోలేదు.

"ఇది నేను పోయిన నెలే చదివినా. మీరు బ్రహ్మాండం అన్నప్పుడల్లా మీ పళ్ళెంలో ఇంకో గరిటె వేస్తా ఉండేది అందుకే. ఇట్లు, రెజీనా. ప్రభువా, ఆ గరిటెను దీవించు!"

"ఆమెన్!" అన్న గొంతుల్లో రెజీనాదే పెద్దది. గంగులయ్య పగలబడి నవ్వాడు. ఫ్లోరా కూడా పమిట నోటికడ్డం పెట్టుకుంది.

భోజనాల్లో పులుసే.

"ఎట్లుంది?" అంది రెజీనా, గరిటె ఎత్తి పట్టుకుని.

"పులుపు... కొంచెం ఎక్కువైంది."

"అబ్బ! ఆరేళ్ళకు నోరు పెగిలిందే మీకు!" అని నవ్వుతూ గరిటె గిన్నెలో పెట్టేసింది. జడ్సన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేడు.

మర్నాటి నుంచి ఆ వికీకి పాస్‌వర్డు ఉంది. అది రెజీనాకు మాత్రమే తెలుసు.